రెండు నెలల్లో 13 కిలోలు తగ్గాను, ఇప్పుడు లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఇది నిజంగా డిటాక్సేనా?

సగం_నిద్ర (ప్రశ్న)

అందరికీ నమస్తే. పోస్టు పొడుగైపోయింది, ఓపిక చేసుకుని చదవండి.

వయసు 33, ఎత్తు 158 సెంటీమీటర్లు. మొదలుపెట్టినప్పుడు 81 కిలోలు, ఇప్పుడు 68. ఇదంతా రెండు నెలల్లోనే. ఆన్‌లైన్‌లో ఒక కోచ్ దగ్గర చేరాను, పేరు ఇక్కడ అనవసరం. ప్లాన్ ఏంటంటే పొద్దున ఒక షేక్, రాత్రి ఒక షేక్, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరగాయలు ఒక కప్పు, నూనె చుక్క కూడా తగలకూడదు. లెక్కేస్తే రోజుకు 500 కేలరీలు దాటవు. దానికి తోడు పడుకునే ముందు ఒక 'డిటాక్స్ టీ', అది తాగితే తెల్లారేసరికి మూడు నాలుగు సార్లు బాత్రూమ్‌కి పరిగెత్తాల్సిందే. మొదటి వారంలోనే 4 కిలోలు పోయేసరికి గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు, నాకూ గాల్లో తేలినట్టుండేది.

ఇప్పుడు అసలు సంగతి. మంచం మీంచి లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, మొన్న గోడ పట్టుకోకపోతే పడిపోయేదాన్నే. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది, తలస్నానం చేశాక నీళ్లు పోయే జాలీ వైపు చూడాలంటేనే టెన్షన్. పోయిన నెల పీరియడ్ రాలేదు. అందరూ ఫ్యాన్ వేసుకుంటే నేను దుప్పటి కప్పుకుంటున్నాను. కొన్ని రాత్రిళ్లు కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి వస్తుంది, గంటో రెండు గంటలో ఉండి దానంతటదే పోతుంది, గ్యాస్ అనుకుని గ్యాస్ టాబ్లెట్ వేసుకుంటున్నాను. ఇంకోటి, నవ్వకండి, రాత్రి ఒంటిగంట దాకా వంటల వీడియోలు చూస్తూ కూర్చుంటున్నాను, జన్మలో వండననీ తిననని తెలిసినవి కూడా.

కోచ్‌ని అడిగితే, "ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకున్న విషాలు బయటికి పోతున్నాయి, మంచి సూచనే" అన్నారు. ఈమధ్య తూకం కదలడం లేదని 'ప్లేటూ బ్రేక్' అంటూ షేకులు కూడా ఆపించారు. ఇవాళ్టికి అయిదో రోజు, నీళ్లు, బ్లాక్ కాఫీ, ఆ టీ, అంతే. ఆదివారం 'చీట్ డే' అట, ఏదైనా ఎంతైనా తినొచ్చట, అలా తింటే మెటబాలిజం మళ్లీ రాజుకుంటుందట.

నేను అడిగేది రెండే. వీటిలో ఏది మామూలు, దేనికి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? ఇంకా 6 కిలోలు తగ్గాలి, అప్పటిదాకా ఓర్చుకుంటే పోతుందా, లేక రేపటి నుంచి అన్నీ ఆపేసి మామూలుగా తినేయనా?

రాళ్లపాలు

మిగతావి తెలిసినవాళ్లు చెబుతారు గానీ ఆ కుడివైపు నొప్పి గురించి నేను చెప్పగలను. అది గ్యాస్ కాకపోవచ్చు అక్కా. నాకూ సరిగ్గా ఇలాగే మొదలైంది, తక్కువ టైములో బాగా తగ్గాక. రాత్రి పడుకున్నాక పక్కటెముకల కింద ఎవరో పిడికిలి బిగించి పట్టుకున్నట్టు, అక్కడినుంచి వెనక కుడి భుజం ఎముక కిందికి పాకేది. ఎటు తిరిగి పడుకున్నా సుఖం ఉండదు. తర్వాత పూర్తిగా మాయం, పొద్దున లేస్తే అసలేమీ జరగనట్టే. అందుకే చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

ఒక రోజు నొప్పి తగ్గలేదు, పైగా జ్వరం, వాంతులు. స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్ (లివర్ కింద పైత్యరసం నిలవుండే సంచి) నిండా చిన్న చిన్న రాళ్లు, గోడ వాచి ఉంది. ఆపరేషన్ చేసి తీసేశారు. అప్పుడు సర్జన్ చెప్పిందేంటంటే, గబగబా బరువు తగ్గేటప్పుడు లివర్ కొలెస్ట్రాల్‌ని ఎక్కువగా పైత్యరసంలోకి వదులుతుంది, మరోపక్క తిండిలో కొవ్వే లేకపోతే గాల్‌బ్లాడర్‌కి ముడుచుకుని ఖాళీ అయ్యే పనే పడదు, అందులోని రసం అలాగే నిలవుండి చిక్కబడి రాయి కడుతుంది. వారానికి కిలోన్నర దాటి తగ్గేవాళ్లలో ఈ రిస్కు బాగా పెరుగుతుందట. మీ లెక్క చూస్తే సరాసరిన దాదాపు అంతే ఉంది, దానికి తోడు నూనె చుక్క లేదు. కడుపు అల్ట్రాసౌండ్ ఒకటి చేయించండి, పెద్ద పనేం కాదు. కళ్లు పచ్చబడినా, నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా మాత్రం తెల్లారేదాకా చూడొద్దు.

వార్డ్_రౌండ్స్

ముందు ఇది చదవండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఆదివారం దాకా ఆగకండి. ఇవాళే, కుదరకపోతే రేపు పొద్దున్నే ఫిజీషియన్‌కి చూపించుకోండి. ఆ టీ ఈ క్షణం నుంచి బంద్. చీట్ డే అసలే వద్దు. ఈలోగా స్పృహ తప్పినా, గుండె దడదడలాడినా లేదా మధ్యలో కొట్టుకోవడం తప్పినట్టు అనిపించినా, వాంతులు ఆగకపోయినా, మాటల్లో తికమక వచ్చినా, వస్తువులు రెండుగా కనిపించినా, నడక తూలినా ఓపీ కాదు, నేరుగా ఎమర్జెన్సీకే.

నేను జనరల్ మెడిసిన్‌లో పనిచేస్తాను. ఇక్కడ కూర్చుని మీకు ఫలానా జబ్బని చెప్పలేను గానీ మీరు రాసినవాటిలో ఏది ఎందుకు జరుగుతుందో చెప్పగలను.

మొదటి వారం 4 కిలోల దగ్గర మొదలెడదాం, ఎందుకంటే అందరూ పడిపోయేది అక్కడే. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. 4 కిలోలంటే 30,800, రోజుకు 4,400. మీ ఎత్తు, బరువున్న మనిషి రోజంతా ఖర్చు పెట్టేదే అందులో సగం ఉంటుందేమో. కాబట్టి ఆ 4 కిలోలు కొవ్వు కాదు, కాలేదు, కావడానికి వీల్లేదు. లివర్‌లో, కండరాల్లో గ్లైకోజెన్ అనే నిల్వ అర కిలో వరకు ఉంటుంది, ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే అది ఖాళీ అవుతుంది, నీరు పోతుంది. ఇన్సులిన్ పడిపోవడంతో కిడ్నీలు ఉప్పును కూడా వదిలేస్తాయి, దాని వెంట ఇంకొంత నీరు. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే లేచి నిలబడినప్పుడు బీపీ నిలబడదు. మీ కళ్లు బైర్లు కమ్మడంలో సగం కథ ఇదే.

మిగతా సగం ఆ టీ. ఇలాంటి వాటిలో సాధారణంగా ఉండేది విరేచనాల మందే, పేరు మాత్రం డిటాక్స్. కేలరీలు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తాయి, ఈ మందు పనిచేసేది ఆ తర్వాత పెద్దపేగులో. అంటే మీరు తిన్నదాంట్లో అది తీసేసేది దాదాపు ఏమీ లేదు, పోయేది నీరు, పొటాషియం. పొటాషియం, దాంతో పాటు మెగ్నీషియం పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అదీ ముందస్తు హెచ్చరిక పెద్దగా ఇవ్వకుండా. అందుకే ఈసీజీ, ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో సోడియం, పొటాషియం లాంటి లవణాల పరీక్ష) తప్పనిసరి అంటున్నాను. పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఫాస్ఫరస్, మెగ్నీషియం కూడా రాయమని అడగండి, చాలాచోట్ల మామూలు ప్యానెల్లో అవి ఉండవు.

విషాలు బయటికి పోవడమంటారా, ఆ పని లివరూ కిడ్నీలూ మీరు పుట్టినప్పటి నుంచి చేస్తూనే ఉన్నాయి. జుట్టు ఊడడం ఏ విషం వల్లా కాదు. ఒంటికి పెద్ద దెబ్బ తగిలితే చాలా జుట్టు కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్తాయి, రెండు మూడు నెలలకు ఆ జుట్టు రాలిపోతుంది, కాన్పు తర్వాత, టైఫాయిడ్ లాంటి జ్వరం తర్వాత చూస్తుంటాం. తిండి సరిగ్గా పడితే మళ్లీ వస్తుంది, కానీ నెలలు పడుతుంది, ఆరు నెలలైనా చూడాలి. చలి వేయడం, నాడి నెమ్మదించడం ఒంటి పొదుపు: థైరాయిడ్ హార్మోన్లలో చురుగ్గా పనిచేసే టీ3 తగ్గించుకుని ఖర్చు కోసేస్తుంది. పీరియడ్ రాకపోతే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి, మొహమాటం లేకుండా, ఎందుకంటే అదైతే మిగతా కథ మొత్తం మారుతుంది. అది కాకపోతే, తిండి చాలడం లేదని మెదడు అండాశయాలకు సంకేతాలు ఆపేసిందని అర్థం. ఒకటి రెండు నెలలకు కొంపలేం మునగవు గానీ నెలల తరబడి ఇలాగే సాగితే ఎముకలు పలచబడతాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, మీ రెండో ప్రశ్న. రేపటి నుంచి మామూలుగా తినేయనా అన్నారు. వద్దు. ఒంటరిగా, ఒక్కసారిగా మాత్రం వద్దు. చాలా రోజులు దాదాపు ఏమీ తినని ఒంట్లోకి ఒక్కసారి పిండిపదార్థాలు, తీపి వచ్చి పడితే ఇన్సులిన్ పైకి లేస్తుంది, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం అన్నీ కణాల్లోకి లాగేసుకుంటుంది. రక్తంలో ఫాస్ఫేట్ పాతాళానికి పడిపోతే ఊపిరి తీసే కండరాలు బలహీనపడతాయి, గుండె లయ తప్పుతుంది, ఫిట్స్ రావచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకలితో మాడిన ఖైదీలు విడుదలయ్యాక కడుపునిండా తిన్న తర్వాత చనిపోవడం చూసినప్పుడే డాక్టర్లకు ఇది బాగా అర్థమైంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. మీరు ఎముకల గూడేం కాదు, 68 కిలోలు ఉన్నారు, కాబట్టి రిస్కు ఒక బక్కపలచని మనిషికున్నంత లేదు. కానీ 81లో 13 అంటే 16 శాతం, పైగా అయిదు రోజులుగా నీళ్ల మీదే ఉన్నారు, పైగా విరేచనాలు. ఈ మూడూ కలిసినవాళ్లను నేనైతే టెస్టులు చూడకుండా విందుకు పంపను.

ఇంకొకటి, బీ1 విటమిన్, అంటే థయామిన్. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. మీ షేకులో ఎంత ఉందో, అసలుందో లేదో ఎవరికి తెలుసు. అది ఖాళీ అయిన మనిషికి గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు, అందుకే థయామిన్ ముందు ఇస్తాం. 'నీరసంగా ఉంది, ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టండి' అని దగ్గర్లో ఎక్కడో చెప్పి పెట్టించుకోకండి. రెండు నెలలుగా ఏం తిన్నారో, ఏం తినలేదో, టీ సంగతితో సహా, డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గుపడి సగం దాచేవాళ్లతోనే మాకు చిక్కు.

ఉక్కు_సంకల్పం

ఇలా భయపెట్టేవాళ్లు ఉండబట్టే ఎవరూ బరువు తగ్గలేకపోతున్నారు. స్కాట్లాండ్‌లో ఒకాయన 382 రోజులు ఏమీ తినకుండా ఉండి 125 కిలోలు తగ్గాడు, గూగుల్ చేసుకోండి. ఆయనకేం కాలేదు. మనిషి శరీరం ఆకలికి తట్టుకునేలానే తయారైంది. మేడమ్, మీరు సగంలో వదిలేస్తే పోయినదంతా తిరిగి వచ్చేస్తుంది. ఆ నీరసం మనసుది, ఇంకొన్ని రోజులు గట్టిగా ఉండండి. నీళ్లలో కాస్త ఉప్పు వేసుకుని తాగితే చాలు.

లెక్క_చెప్పు

ఉక్కు గారూ, గూగుల్ చేసినవాళ్లు రెండో పేరా కూడా చదవాలి. ఆయన పేరు ఆంగస్ బార్బియరీ. 1965లో మొదలుపెట్టి 1966లో ముగించారు, 207 కిలోల నుంచి 82కి వచ్చారు, అంతవరకు నిజం. మీరు చెప్పనిదేంటంటే అది డండీ నగరంలో ఆసుపత్రి డాక్టర్ల పర్యవేక్షణలో జరిగింది, విటమిన్లు ఇచ్చారు, మధ్యలో పొటాషియం ఇచ్చారు, పదేపదే రక్తపరీక్షలు చేశారు. 207 కిలోల మనిషి ఒంట్లో ఎంత కొవ్వు నిల్వ ఉంటుంది, 68 కిలోల మనిషిలో ఎంత ఉంటుంది? పోనీ, అదే దశాబ్దంలో ఆసుపత్రుల్లోనే ఇలాంటి దీర్ఘ ఉపవాసాలు చేసి చనిపోయినవాళ్లున్నారు. ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి కొన్ని నెలల ఉపవాసం ముగించి మళ్లీ తినడం మొదలుపెట్టాక గుండె ఆగిపోయింది, పరీక్ష చేస్తే గుండె కండరమే శిథిలమైపోయి ఉంది, అది 1969లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆమె గురించి ఎవరూ వీడియోలు చేయరు.

షేకుల సంగతి కూడా కొత్తదేం కాదు. 1970ల చివర్లో అమెరికాలో లిక్విడ్ ప్రోటీన్ డైట్ అని ఊపేసింది. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన కొల్లాజెన్‌ని ద్రవంగా చేసి అమ్మేవాళ్లు, రోజుకు కొన్ని వందల కేలరీలు, అంతే. పదుల సంఖ్యలో చనిపోయారు, చాలామంది గుండె లయ తప్పి, వాళ్లలో ముందు గుండె జబ్బు లేని ఆడవాళ్లు ఎక్కువ. అందులోని ప్రోటీన్ నాసిరకం, ఖనిజాలు చాలవు, కాబట్టి ఒళ్లు తన కండని తానే తింది. గుండె కూడా కండే కదా. రోజుకు 800 కేలరీల లోపు డైట్ అంటే డాక్టర్ చేతిలో ఉండాల్సిందేననే పట్టుదలకు ఆ చావులు కూడా ఒక కారణం. డబ్బా మీద ప్రోటీన్ అని ఉంది కదా అని ధైర్యపడడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఉప్పునీళ్లు పొటాషియాన్ని పెంచవు. ఆ సలహా వెనక్కి తీసుకోండి, ఆవిడ చదువుతోంది.

పాత_అట్టల_పురుగు

సగం_నిద్ర గారూ, ఆ వంటల వీడియోలు చూసి మీకేదో అయిందని అనుకోకండి. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1944-45లో ఒక ప్రయోగం చేశారు. యుద్ధంలో ఆయుధం పట్టనని చెప్పిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు తామే ముందుకొచ్చారు, వాళ్లకు 24 వారాలు తిండి తగ్గించి దాదాపు పావు వంతు బరువు తగ్గేలా చేశారు. ఏం జరిగిందంటే, వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస పోయింది. వంట పుస్తకాలు పోగేసుకున్నారు, రెసిపీలు రాసుకున్నారు, పళ్లెంలో ఉన్న కాస్తని గంటలు గంటలు సాగదీసి తినేవాళ్లు. చలి, నీరసం, జుట్టు రాలడం, కాళ్ల వాపు, చిరాకు, దిగులు, నాడి బాగా నెమ్మదించడం, చాలావరకు మీ జాబితాయే. వాళ్లకు ఇచ్చింది ఎంతనుకున్నారు? రోజుకు దాదాపు 1,570 కేలరీలు. మీ కోచ్ ఇచ్చినదానికి మూడు రెట్లు. దాన్నే వాళ్లు 'అర్ధాకలి' అన్నారు.

ప్రయోగం అయిపోయాక కూడా చాలామందికి నెలల తరబడి ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. ఉక్కు గారు దీన్ని సంకల్పబలం లేకపోవడం అంటారేమో. నాకైతే కోచ్ చెప్పిన చీట్ డే వింటే ఇదే గుర్తొచ్చింది, ఆకలితో ఉన్న మనిషిని హద్దుల్లేని పళ్లెం ముందు కూర్చోబెట్టి ఆ తర్వాత నీకు అదుపు లేదని తిట్టడం.

జారుడు_చెప్పు

ఎవరూ చెప్పనిది ఒకటి చెబుతాను, కొందరికైనా పనికొస్తుంది. నేను కూడా ఇలాగే గబగబా తగ్గాను, ఒకరోజు నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతోంది. వదులైందేమో అనుకున్నా. తర్వాత చదునుగా ఉన్న నేల మీదే బొటనవేలు తట్టుకోవడం, మెట్లెక్కుతుంటే పాదం పైకి లేవకపోవడం. కాలు మీద కాలు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చోవడం నాకలవాటు. మోకాలి కింద బయటివైపు ఒక చిన్న ఎముక గుబ్బ తగులుతుంది చూడండి, దాన్ని చుట్టుకుని ఒక నరం పోతుంది, అక్కడ దానికి రక్షణగా ఉండేది కాస్త కొవ్వే. ఆ కొవ్వు కరిగిపోయాక నా రెండో మోకాలు దాన్ని గంటల తరబడి నొక్కేసింది. పాదాన్ని పైకి లేపే శక్తి పోయింది. న్యూరాలజిస్టు చూసి అడిగిన మొదటి ప్రశ్నే "ఈమధ్య బరువు తగ్గారా?" అని. ఇది వాళ్లకు బాగా తెలిసిన జబ్బేనట, డైటింగ్ చేసేవాళ్లలో చూస్తుంటారట.

పాదానికి ఊతంగా ఒక పట్టీ, ఫిజియోథెరపీ, కాలు మీద కాలు వేసుకోవడం బంద్. నెలలు పట్టింది గానీ వచ్చేసింది. కాబట్టి ఎవరికైనా చెప్పు జారుతుంటే చెప్పుల షాపుకి కాదు వెళ్లాల్సింది.

షుగర్_ఇంటి_పెద్దకోడలు

ఇది చదివేవాళ్లలో షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఉంటారు కాబట్టి రాస్తున్నా. మా మామగారు పాత మోతాదు మాత్రలు అలాగే వేసుకుంటూ తిండి మాత్రం మూడో వంతుకి తగ్గించేశారు, ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు, షుగర్ చూస్తే 41. తిండి తగ్గితే కొన్ని మాత్రల మోతాదూ ఇన్సులిన్ మోతాదూ కూడా తగ్గించాలని ఆ రోజే తెలిసింది. బీపీ మాత్రలూ అంతే, బరువు తగ్గేకొద్దీ పాత డోసు ఎక్కువైపోయి కళ్లు తిరుగుతాయి. ఎవరి డోసు వాళ్లే మార్చుకోకూడదు, డైట్ మొదలెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

డాక్టర్ గారూ, ఒక సందేహం. తక్కువ కేలరీల డైట్‌తో షుగర్ పూర్తిగా పోయిందని పేపర్లో చదివాను, అది కూడా అబద్ధమేనా?

వార్డ్_రౌండ్స్

అబద్ధం కాదమ్మా. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే ట్రయల్ గురించి చదివి ఉంటారు, ఫలితాలు 2017లో వచ్చాయి. రోజుకు దాదాపు 850 కేలరీల ఫార్ములా, మూడు నుంచి అయిదు నెలలు. డైట్ తీసుకున్నవాళ్లలో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. కానీ ఎలా చేశారో చూడండి. షుగర్, బీపీ మందులు మొదటి రోజే డాక్టర్లే ఆపించారు, ఫార్ములాలో విటమిన్లు, ఖనిజాలు లెక్కగట్టి పెట్టారు, తర్వాత మామూలు తిండిని ఒక్కసారి కాకుండా వారాల మీద మెల్లగా తిరిగి తెచ్చారు, మధ్యలో పరీక్షలు. తక్కువ కేలరీలు అనగానే పాపమని నేననను. 500 కేలరీలు, విరేచనాల టీ, ఒక్క రక్తపరీక్ష లేదు, ఆపై విందు, దీన్ని మాత్రం వైద్యం అనను. ఎస్జీఎల్‌టీ2 రకం షుగర్ మాత్రలు (పేరు చివర 'ఫ్లోజిన్' అని ఉంటుంది) వేసుకునేవాళ్లు పిండిపదార్థాలు పూర్తిగా మానేసి పస్తులుంటే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. మీటర్‌లో నంబరు బాగానే ఉంటుంది, మనిషి మాత్రం వాంతులు, ఆయాసంతో వస్తారు. మామగారి మాత్రల్లో అది ఉందేమో చూడండి.

సగం_నిద్ర

అందరికీ చాలా థ్యాంక్స్. ఆ రోజే వెళ్లాను. పొటాషియం 3.0 ఉంది, ఫాస్ఫరస్ కింది అంచున ఉంది, నాడి 48. ఈసీజీలో చిన్న తేడా ఉందని అడ్మిట్ చేసుకున్నారు. సెలైన్ పెట్టే ముందు విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, అది బీ1 అని నేనే అడిగి తెలుసుకున్నాను, వార్డ్_రౌండ్స్ గారి పుణ్యమా అని. స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్‌లో స్లడ్జ్ (చిక్కబడ్డ పైత్యరసం), రెండు మూడు చిన్న రాళ్లు. రాళ్లపాలు గారు చెప్పిందే నిజమైంది. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పి మళ్లీ వస్తే ఆలోచిద్దాం అన్నారు, ఒక మాత్ర రాశారు. ప్రెగ్నెన్సీ కాదు.

డైటీషియన్ కొద్దికొద్దిగా పెంచుతూ తినమన్నారు, నూనె కూడా వేసుకోమన్నారు. రిపోర్టులు గ్రూపులో పెట్టగానే కోచ్ నన్ను తీసేశారు, కనీసం ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

రెండు డౌట్లు. ఇంటికొచ్చిన కొద్ది రోజుల్లోనే 2 కిలోలు పెరిగాను, సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతున్నాయి, సాక్సు ముద్ర పడుతోంది. తిన్నది అంతంత మాత్రమే, మరి ఇదేంటి, అంతా తిరిగి వచ్చేస్తోందా? రెండోది, జుట్టుకి బయోటిన్ విటమిన్ గమ్మీస్ వేసుకోవచ్చా? చుట్టాలావిడ తెచ్చిచ్చారు.

వార్డ్_రౌండ్స్

సరైన టైముకి వెళ్లారు. ఆ 2 కిలోలు కూడా కొవ్వు కాదు, మొదటి వారం పోయిన నీరే తిరిగొస్తోంది. మళ్లీ తినడం మొదలయ్యాక ఇన్సులిన్ పెరిగి కిడ్నీలు ఉప్పుని పట్టుకుంటాయి, విరేచనాల మందు ఆపినప్పుడు కూడా ఇలాగే నీరు నిలుస్తుంది. సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఈ టైములోనే భయపడి చాలామంది మళ్లీ ఆ టీ దగ్గరికి వెళ్తారు, దయచేసి వెళ్లకండి. తూకం రోజూ చూడొద్దు, వారానికోసారి చాలు. వాపు మోకాళ్లదాకా పాకినా, పడుకుంటే ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే వెళ్లి చూపించుకోండి. వాపు గురించి మీ డాక్టర్‌కి ఎలాగూ చెప్పండి, పొటాషియం, ఫాస్ఫరస్ మళ్లీ ఎప్పుడు చూడాలో అడగండి, ఒక్కసారి బాగుందని వదిలేసేవి కావు అవి. ఇకముందు తగ్గాలనుకున్నా వారానికి అరకిలో నుంచి కిలో లోపు, తగినంత ప్రోటీన్‌తో, ఆ రాళ్లు ఉన్నాయని డాక్టర్‌కి చెప్పి మరీ.

బయోటిన్ లోపం ఉంటే తప్ప జుట్టుకి దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. వేసుకుంటే ఒక ఇబ్బంది ఉంది, ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ పరీక్షల్ని తారుమారు చేస్తుంది, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు, గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ టెస్టు కూడా. మీకు రాబోయే నెలల్లో రక్తపరీక్షలు ఉంటాయి కాబట్టి ఆ గమ్మీస్ పక్కన పెట్టండి. ఇప్పటికే వేసుకుని ఉంటే రక్తం ఇచ్చేముందు ల్యాబ్‌లో ఆ మాట చెప్పండి. డబ్బు పెట్టాలనుకుంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) టెస్ట్ చేయించుకోండి, ఐరన్ తక్కువుంటే దానికి మందు ఉంది.